తల్లి సీసా

జూన్ 9

మేమంతా మహారాజు అని పిలిచే మా నాటకాల హీరో ఇవాళ నా సామాన్ల గదిలోకొచ్చి బండరాయి మీద కూర్చున్నాడు. బండ విరిగింది. థర్మోకోల్ బండ విరక్క ఏం చేస్తుంది? పాత నాటకంలో రెండేళ్లపాటు ఆ బండని తానే తలకెత్తుకుని, ఆయాసపడుతూ, చెమట తుడుచుకుంటూ చప్పట్లు కొట్టించుకున్నాడు. అయినా కూర్చునేటప్పుడు అది రాయే అనుకున్నాడు. తన నటన తానే నమ్మేసే రకం.

"ఏమమ్మా, ఇలాంటివి దారిలో పెడతారా?" అన్నాడు లేచి దులుపుకుంటూ.

"దారిలో లేదండీ, అరలోనే ఉంది. మీరే దింపుకుని కూర్చున్నారు" అన్నాను.

నవ్వేశాడు. కొత్త నాటకంలో సీసా సీను అదిరిపోయిందని, జనం ఈలలు వేస్తున్నారని చెప్పి వెళ్లిపోయాడు. తమ్ముడి చెయ్యి ఎలా ఉందని అడగలేదు. వాడు స్టేజీ పైన దీపాల దగ్గరనుంచి పడ్డ రోజునుంచి ఇవాళ్టిదాకా ఒక్కసారంటే ఒక్కసారి అడగలేదు.

బండకి బంక రాసి అతికించాను. అతుకు కనబడకుండా రంగు వేశాను. నా పని ఇదేగా, విరిగినవాటికి రంగు వెయ్యడం.

జూన్ 11

మేనేజర్‌గారు వచ్చి గది చూసి మొహం చిట్లించారు. హాలు చూడ్డానికి ఎవరో పెద్దమనుషులు వస్తారట, సామాన్ల గది అంగడిలా కళకళలాడాలట.

"కత్తులన్నీ ఒకచోట, పళ్లన్నీ ఒకచోట, సీసాలన్నీ ఒకచోట పెట్టు సామాన్లక్కా. ఇది చిన్నపిల్లలకి కూడా తెలుసు."

చిన్నపిల్లలకే తెలుసు. నా గదిలో ఒక వస్తువు దేనిలా కనబడుతోంది అని అడగం, దేనితో చేశారు అని అడుగుతాం. చెక్క కత్తి చెక్క అరలో, రేకు కత్తి రేకు అరలో. అట్ట కిరీటం అట్టతో. మైనం ద్రాక్షపళ్లు దీపాలకి దూరంగా. దూది కుందేలు, దూది మేఘం, దూది గడ్డం మూడూ ఒకే పెట్టెలో. ఎందుకంటే దేని శత్రువు దానికుంది. రేకుకి తడి, మైనానికి వేడి, అట్టకి చెదలు, దూదికి ఎలుక, థర్మోకోల్‌కి రంగులో కలిపే థిన్నరు. చక్కెరకైతే తడీ వేడీ చీమా అందరూ శత్రువులే పాపం. ఎవరికి ఎవరు శత్రువో తెలిస్తే ఎవరిని ఎక్కడ పెట్టాలో అదే తెలుస్తుంది.

గాజు అరలో మాత్రం ఉండేది ఒక్కటే, తల్లి సీసా. స్టేజీ మీదికి నిజం గాజు వెళ్లకూడదు. ఆ సీసా మీద రబ్బరు అచ్చు తీసుకుని, అచ్చులో ముదురు పాకం పోస్తే పిల్ల సీసాలు పుడతాయి. పాకం రంగే సీసా రంగు. పక్కపక్కన నిలబెడితే నాకు తప్ప ఇంకెవరికీ తేడా తెలీదు. రెండో అంకంలో మా విలన్ రాక్షసుడు మహారాజు నెత్తిన బద్దలుకొట్టేది ఈ పిల్లల్నే. ఆటకి ఒకటి.

ఇదంతా మేనేజర్‌గారికి ఓపిగ్గా చెప్పాను. గోడకి చెప్పినా ఒకటే.

జూన్ 14

తమ్ముడు ఎడమచేత్తో చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్చుకుంటున్నాడు. కిందవన్నీ వచ్చాయి, పైది రాలేదు. నేను లేచేసరికి "నువ్వు కూర్చో అక్కా" అన్నాడు. కూర్చుంటానా? వెళ్లి పెట్టేశాను. వాడేమీ అనలేదు. ఎప్పుడూ ఏమీ అనడు. అమ్మ పోయేనాటికి వాడు నా నడుం ఎత్తు కూడా లేడు, పెంచింది నేను, నాకు తెలీదా? నా తమ్ముడు దూది. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు.

పక్క వీధి హాల్లో పని ఉందంటే వెళ్లొచ్చాడు. ఏమన్నార్రా అంటే "తర్వాత చెప్తామన్నారు" అన్నాడు. అక్కడ తెరలు కుట్టే ఆవిడ నాకు తెలుసు. వాళ్లు వీణ్ణి అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. "తాగి స్టేజీ మీద పడ్డవాడివి నువ్వేనా?"

బీరువా అడుగునుంచి తాడు ముక్క తీసి చూసుకున్నాను. స్టేజీకి పైన, దీపాల మధ్య పలకల మీద నడిచేటప్పుడు వాడు నడుముకి కట్టుకునేది లావుపాటి జనపతాడు. మహారాజుకి అది నచ్చలేదు. తాను చచ్చిపోయే సీన్లో నెత్తి మీద కొండచిలువలా వేలాడుతోందట, జనం తనని చూడకుండా దాన్ని చూస్తున్నారట. సన్నటి తెల్ల ప్లాస్టిక్ తాడు తానే తెప్పించి ఇదే కట్టుకోవాలన్నాడు. బలానికి దానికేం లోటు లేదు. కానీ జనపతాడు దీపానికి తగిలితే ముందు కమురుతుంది, వాసనొస్తుంది, మనిషి సర్దుకుంటాడు. ప్లాస్టిక్ మాటామంతీ లేకుండా కరిగిపోతుంది. ఈ ముక్క చివర కరిగి గడ్డకట్టి గుండుసూది తలలా ఉంది. కోస్తే అలా ఉండదు. ముడి ఊడితే అలా ఉండదు.

అప్పట్లోనే మేనేజర్‌గారికి చూపించాను. "తాడు సంగతి నాకెందుకమ్మా? నోటి దగ్గర వాసన మహారాజుగారే స్వయంగా చూశారు" అన్నారు. మిగతావాళ్లు నిప్పు లేనిదే పొగ రాదన్నారు. దగ్గు మందు తాగమంటేనే ముక్కు మూసుకునే పిల్లాడు నా తమ్ముడు.

కుడిచెయ్యి పనికిరాకుండా పోయింది సరే, విధి అనుకుంటాను. పేరు తీసింది మాత్రం విధి కాదు, మనిషి. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగాలి. తాగిస్తాను.

జూన్ 16

వాన.

జూన్ 18

వానకి పిల్ల సీసాలు చెమర్చాయి. ఒకటి మెడ వాల్చేసింది. పారేసి కొత్తవి పోశాను.

పాకం ఆరేలోపు పని లేక, మా సమాజంలో మనుషుల్ని అరల్లో సర్దుకుంటూ కూర్చున్నాను. మేనేజర్‌గారు రబ్బరు, ఎవరు నొక్కితే అటు. రాక్షసుడు మైనం. పేరుకి విలన్, మనిషి ఆరడుగులు, బొద్దింక కనబడితే కుర్చీ ఎక్కేస్తాడు. నాకంటే పెద్దవాడైనా నన్ను అక్కా అంటాడు. ఇన్నాళ్లలో తమ్ముణ్ణి చూడ్డానికి మా ఇంటికొచ్చింది ఆయన ఒక్కడే. మహారాజు థర్మోకోల్, చూస్తే కొండ, ఎత్తితే ఏమీ లేదు. తమ్ముడు దూది.

నన్ను ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. ఇనుమనుకుందాం.

జూన్ 20

తల్లి సీసాని పై అరలోంచి చేతికందే అరలోకి మార్చాను. దుమ్ము తుడుచుకోవడానికి వీలుగా ఉంటుందని. అంతే.

జూన్ 22

మళ్లీ తుడిచాను.

జూన్ 24

పిల్ల సీసాలు కొంచెం మందంగా పోస్తున్నాను. వానాకాలం, పల్చటివి నిలవవు. ఒక్కో ఆటకి ఇంకాస్త మందం. చేతిలో పట్టుకుంటే ఇప్పుడు బరువు తెలుస్తోంది. రాక్షసుడి చెయ్యి నెమ్మదిగా అలవాటు పడుతుంది. అంటే, మందం సీసాలకి అలవాటు పడాలి కదా, అందుకని.

జూన్ 26

రాక్షసుడు వచ్చి తలుపు దగ్గర నసుగుతూ నిలబడ్డాడు.

"అక్కా, ఏమీ అనుకోకు. సీసా ఈమధ్య కాస్త గట్టిగా తగులుతోందట. మహారాజు నన్ను తిడుతున్నాడు."

"వానలండీ. చక్కెర వానకి బరువెక్కుతుంది."

ఏ శాస్త్రంలో ఉందో నాకే తెలీదు. పాపం నమ్మాడు.

"చేతికి జిగురు కూడా అంటుకుంటోంది. కొట్టాక విదిలించినా చేతిలో మిగిలిన ముక్క ఊడి రావడం లేదు. నిన్న జనం నవ్వారు."

"అయితే తోలు తొడుగులు కుట్టిస్తాను. మీది బండివాడి వేషమేగా, బాగుంటుంది" అన్నాను. నా నోరే అంది. నేను అనుకోనుకూడా లేదు.

"నీ చేతి చలవ అక్కా" అంటూ వెళ్లిపోయాడు.

జూన్ 28

తొడుగులు కుట్టేశాను. మహారాజుకి తెగ నచ్చాయి. "బండివాడంటే ఇలా ఉండాలి, భేష్" అన్నాడు.

గాజు ఎప్పుడు ముట్టుకున్నా ముందు చల్లగా తగులుతుంది. చక్కెర అలా తగలదు. తోలు తొడుక్కున్న చేతికి రెండూ ఒకటే. ఊరికే రాసుకుంటున్నాను, మర్చిపోకుండా.

జూలై 1

ఆట లేని రోజు. గది లోపల గడియ పెట్టి, గుమ్మడికాయకి మహారాజు విగ్గు తొడిగి బల్ల మీద పెట్టాను. తల్లి సీసాని మెడ దగ్గర పట్టుకుని, రాక్షసుడు కొట్టేటంత ఊపుతో కొట్టాను.

సీసా పగల్లేదు. గుమ్మడికాయ పగిలింది.

సీసా కడిగి తుడిచాను. విగ్గు కూడా కడిగి ఆరేశాను. గుమ్మడికాయ ముక్కలు ఇంటికి తెచ్చి వండాను. తమ్ముడు బాగుందన్నాడు. నాకు సయించలేదు.

జూలై 2

మేనేజర్‌గారి మాట విన్నాను. మాటకి విలువివ్వాలిగా, పై అధికారి. కత్తులన్నీ ఒకచోట, పళ్లన్నీ ఒకచోట, సీసాలన్నీ ఒకచోట. మైనం ద్రాక్షపళ్ల పక్కన బంకమట్టి మామిడిపళ్లు, చెక్క కత్తుల మధ్య రేకు కత్తులు. సీసాల అరలో పిల్లల మధ్య తల్లి. మేనేజర్‌గారు చూసి మురిసిపోయారు. "చూశావా, ఎంత లక్షణంగా ఉందో. ఈ బుద్ధి ముందే ఉండొద్దూ?" అన్నారు.

ఇప్పుడు ఎవరైనా తొందరలో ఒకదానికి బదులు ఇంకొకటి తీస్తే తప్పు ఎవరిది? ఇలా సర్దమన్నవాళ్లది. నేను వద్దనే చెప్పాను.

జూలై 4

రిహార్సల్. నేను స్టేజీ కింద మేకులు ఏరుకుంటున్నాను, నేనున్నానని పైవాళ్లకి తెలీదు. పైన దీపం సర్దడానికి కొత్తవాడు నిచ్చెన ఎక్కుతూ తడబడ్డట్టున్నాడు.

మహారాజు గొంతు. "జాగ్రత్త నాయనా! నీ ముందరివాడు పైకెక్కేలోపే వాడికి ఎక్కేసింది!"

అందరూ నవ్వారు. మేనేజర్‌గారి నవ్వు కూడా గుర్తుపట్టాను. రాక్షసుడి నవ్వు వినబడలేదు. నా నెత్తి మీద చెక్కలు వాళ్ల కాళ్లకి దడదడలాడుతున్నాయి. గుప్పెట్లో మేకులు బిగించాను, రక్తం వచ్చేదాకా తెలీలేదు.

మహారాజు అప్పుడే మర్చిపోయాడు చూడు. తాను చెప్పింది అబద్ధమని తానే మర్చిపోయాడు. తాడు మార్చిందీ గుర్తులేదు, వాసన కల్పించిందీ గుర్తులేదు. మనసారా నవ్వుతున్నాడు. బండ మీద కూర్చున్నట్టే ఆ అబద్ధం మీద కూర్చున్నాడు, నిజం రాయి అనుకుని.

విరుగుతుంది.

జూలై 5

రేపు.

జూలై 6

ఇవాళ రాయలేను.

జూలై 7

రాస్తాను.

నిన్న ఆట మొదలయ్యే ముందు సామాన్ల బల్ల సర్దాను. తెర పక్కన, మలుపులో ఉంటుంది ఆ బల్ల. వరసలో ముందు చేతికర్ర, తర్వాత లాంతరు, తర్వాత సీసా. ఎప్పుడూ బల్ల కింద గుడ్డలో చుట్టి ఇంకో సీసా ఉంచుతాను, ఒకటి ముందే పగిలితే రెండోదని. బల్ల కింద చక్కెర సీసా పెట్టాను. బల్ల మీద తల్లిని పెట్టాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. గుండె కూడా కొట్టుకోలేదు, అదే విచిత్రం.

మొదటి అంకం అయ్యాక వెనకనుంచి గొంతు. "చూడక్కా ఎవరిని తీసుకొచ్చానో!"

రాక్షసుడు. వేషంతోనే పక్కవీధి దాటి మా ఇంటికెళ్లి తమ్ముణ్ణి లాక్కొచ్చాడు. "ఇంట్లో కూర్చుని బూజు పట్టిపోతున్నాడు. నా సీను చూస్తాడు, ఇక్కడ కూర్చోబెట్టుకో. ఎవరన్నా ఏమన్నా అంటే నా పేరు చెప్పు" అని చేతులకి తొడుగులు తగిలించుకుంటూ అవతలి పక్కకి వెళ్లిపోయాడు.

తమ్ముడు నా స్టూలు మీద కూర్చున్నాడు. పడ్డాక ఆ హాల్లో అడుగుపెట్టడం ఇదే. పైకి చూడలేదు. బల్ల వైపు చూశాడు. పనివాడి చెయ్యి ఊరుకోదు కదా, ఎడమచేత్తో చేతికర్ర తిన్నగా జరిపాడు, లాంతరు పిడి సర్దాడు, సీసా ఎత్తాడు.

ఎత్తి, అలాగే ఉండిపోయాడు.

"చల్లగా ఉందక్కా" అన్నాడు.

వాడు సీసా వంకా, నా వంకా చూశాడు. నేను ఏదో ఒకటి అనాలి. వాడు ఏదో ఒకటి అనాలి. 'అక్కా, ఇదేంటి' అంటాడనుకున్నాను. చేతిలోనే ఉంచేసుకుంటాడనుకున్నాను. వాడు సీసాని ఎక్కణ్ణించి తీశాడో సరిగ్గా అక్కడే పెట్టాడు. చీటీ బయటికి కనబడేటట్టు తిప్పి మరీ పెట్టాడు. పెట్టి, ఎడమచెయ్యి జేబులో దోపుకుని స్టేజీ వైపు తిరిగి కూర్చున్నాడు.

వాడి మొహం పక్కనుంచి కనబడుతోంది. ఆ మొహం నాకు తెలుసు. మేకప్ గది అద్దంలో నెలరోజులుగా రోజూ చూస్తున్నాను. కానీ అది నాది. వాడి మొహం మీద అది ఉండకూడదు.

అప్పుడు కొట్టుకుంది గుండె.

అప్పటికే రాక్షసుడొచ్చి సీసా తీసుకుని స్టేజీ మీదికి వెళ్లిపోయాడు. ఆ సీన్లో ముందు ఇద్దరికీ వాదన ఉంటుంది. మహారాజుది మోసగాడైన వ్యాపారి వేషం, రాక్షసుడిది మోసపోయిన బండివాడి వేషం. వాదన సగంలో ఉండగా గుడ్డలోంచి చక్కెర సీసా లాగాను. ఎవరి వేషానిదో కొక్కేనికి శాలువా ఉంటే కప్పుకున్నాను. తమ్ముడు నా కొంగు పట్టుకున్నాడో, శాలువాయే స్టూలుకి తగులుకుందో తెలీదు. లాక్కుని వెళ్లాను.

దీపాల వెలుగులో కళ్లు కనబళ్లేదు. రాక్షసుడు చెయ్యి పైకెత్తేశాడు. ఆ చేతికింద మహారాజు, సీసా పగిలితే ఎలా తూలాలో ముందే మొహంలో తయారుచేసుకుంటూ.

"ఒరేయ్, అది ఇంట్లో సీసారా! ఇటివ్వు!" అన్నాను.

జనం గొల్లుమన్నారు. రాక్షసుడు బిత్తరపోయి, చెయ్యి దింపి, బడిపిల్లాడిలా సీసా నా చేతికిచ్చేశాడు. అది నా ఎడమచేతిలోకి వచ్చింది. చల్లగా ఉంది. కుడిచేతిలో చక్కెరది ఉంది. మహారాజు పళ్లబిగువున "ఏం చేస్తున్నావ్?" అన్నాడు, జనానికి వినబడకుండా.

ఏం చేస్తున్నానో అప్పటిదాకా నాకూ తెలీదు. రాక్షసుడి వైపు తిరిగి అన్నాను. "వీణ్ణి కొట్టాలంటే నీకంటే ముందు నేనున్నాను."

కొట్టాను. కుడిచేత్తోనే. ఎన్నాళ్ల కోపం ఉందో అంతా పెట్టి కొట్టాను. మందం సీసా కదా, బాగానే తగిలింది. "అమ్మా!" అని అరిచాడు, అది నాటకంలో లేదు. చక్కెర పెంకులు వాడి భుజాల మీదనుంచి జలజలా రాలాయి. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నా జన్మలో నాకు చప్పట్లు పడ్డది అదొక్కసారే.

సిగ్గులేకుండా రాస్తున్నాను, హాయిగా ఉంది.

ఆ హాయి ఎంతోసేపు లేదు. ఆట అయ్యాక రాక్షసుడు నా గదిలోకొచ్చాడు. తొడుగులు విప్పి, బల్ల మీదున్న తల్లి సీసాని ఒట్టి చేత్తో ఎత్తాడు. దించాడు. ఆయన మొహం మైనంలాగే పాలిపోయింది. తొడుగులు రెండూ మడిచి నా ముందు పెట్టాడు.

"నాకివి వద్దక్కా" అన్నాడు. "చెయ్యి నాది కదా అక్కా" అన్నాడు. వెళ్లిపోయాడు.

ఈ డైరీ మొదటినుంచి తిరగేశాను. సీసా గురించి ఉంది, బరువు గురించి ఉంది, తోలు గురించి ఉంది. కొట్టే చెయ్యి ఎవరిదో, ఆ తర్వాత ఆ మనిషి ఏమైపోతాడో ఒక్క ముక్క లేదు. మా ఇంటి గుమ్మం తొక్కిన ఒకే ఒక్క మనిషి.

జూలై 8

మహారాజు నెత్తిన బొప్పితో వచ్చాడు. పేపరువాళ్లు ఆ సీను మెచ్చుకున్నారని మేనేజర్‌గారు గంతులేస్తున్నా ఈయన కోపం దిగలేదు.

"నా సీను పాడుచేశావ్. ఎవరు రమ్మన్నారు నిన్ను? అక్కాతమ్ముళ్లకి ఇద్దరికీ బుద్ధి లేదు" అంటూ మొదలుపెట్టాడు.

నేను ఒక చక్కెర సీసా, తల్లి సీసా పక్కపక్కన పెట్టాను.

"ఏది ఏదో చెప్పండి."

"ఇదేం ఆట?"

"చెప్పండి. చూసి చెప్పలేరు. ముట్టుకోండి."

విసుగ్గా ఒకటి ముట్టుకున్నాడు. రెండోది ముట్టుకున్నాడు. ఎత్తాడు. ఎత్తిన చెయ్యి ఆగిపోయింది. ఆయనకి లెక్క తెలియడానికి కాస్త టైం పట్టింది, నటుడు కదా, ముందు మొహం మారుతుంది, తర్వాత బుర్ర.

"మొన్న రాక్షసుడి చేతిలో..."

"అదే ఉంది."

"నువ్వే పెట్టావా?"

"నేనే పెట్టాను. నేనే తీశాను. ఎందుకు తీశానో మీకు చెప్పను, అది మీకోసం కాదు."

కుర్చీ వెతుక్కుని కూలబడ్డాడు. నిజం కుర్చీ, విరగలేదు. అప్పుడు తాడు ముక్క తీసి ఆయన ఒళ్లో పడేశాను.

"నా తమ్ముడి నోటి వాసన చూశారటగా. దీన్ని కూడా వాసన చూడండి. ఆ చివర చూడండి. అది ముడి ఊడిన తాడా?"

చూశాడు. చాలాసేపు చూశాడు. "జనపతాడు బాగా లావుగా కనబడేది" అన్నాడు చివరికి, చిన్నగా.

"అవునండీ, కనబడేది. రేపు రిహార్సల్‌కి అందరూ వస్తారు. తాడు ఎవరు మార్చమన్నారో చెప్పండి. నా తమ్ముడి నోట్లో చుక్క పడలేదని చెప్పండి. అందరి ముందూ."

"నన్ను బెదిరిస్తున్నావా?"

"అవును" అన్నాను.

జూలై 9

చెప్పాడు.

ముందు తండ్రి వేషం గొంతుతో మొదలుపెట్టాడు, తర్వాత పశ్చాత్తాపం గొంతు ఎత్తుకున్నాడు. నేను లేచి నిలబడ్డాను. ఆగిపోయి, నీళ్లు తాగి, నేనెప్పుడూ వినని గొంతుతో చెప్పాడు. "తాడు నేనే మార్పించాను. వాడు తాగలేదు. తాగాడని నేనే కల్పించాను. తప్పు నామీద పడుతుందని భయపడ్డాను."

మేనేజర్‌గారు పైకప్పు చూస్తున్నారు. రాక్షసుడు ఏడుస్తున్నాడు. సీసా సంగతి మహారాజు ఎవరికీ చెప్పలేదు, రాక్షసుడూ చెప్పలేదు.

తమ్ముణ్ణి రేపటినుంచి పనిలోకి పంపమన్నారు, దీపాలు కిందనుంచి చూసుకుంటే చాలన్నారు. నేను గది తాళాలు తీసి మేనేజర్‌గారి చేతిలో పెట్టాను. ఎందుకమ్మా, జీతం చాలడం లేదా, కోపమా అని అడుగుతూనే ఉన్నారు. ఇలాంటి గది తాళాలు నాలాంటిదాని దగ్గర ఉండకూడదు. ఆయనకది చెప్పలేదు. కొత్తవాళ్లు వచ్చేలోపు గది మళ్లీ నా పద్ధతిలో సర్దిపెడతానని మాత్రం అన్నాను.

మహారాజుని క్షమించానా? లేదు. ఆ బొప్పి ఇంకా పెద్దదైతే బాగుండేది.

జూలై 10

పొద్దున్నే వెళ్లి సర్దాను. రేకు రేకుతో, చెక్క చెక్కతో, చక్కెర చక్కెరతో. తల్లి సీసాని ఎక్కడా పెట్టలేదు. సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను.

తమ్ముడు పనికి తయారవుతున్నాడు. నాలుగు రోజులుగా నేను అడగలేదు, వాడు చెప్పలేదు. కడుపులో పెట్టుకోలేక అడిగేశాను.

"అది గాజని నీకు తెలిసింది కదరా."

"తెలిసింది."

"మరి మళ్లీ బల్ల మీద ఎందుకు పెట్టావ్?"

చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. చెయ్యి ఆగలేదు.

"నాకూ వాణ్ణి కొట్టాలనే ఉందక్కా."

"నేను ఆపుతానని అనుకున్నావా?"

"లేదు."

"ఆపకపోతే?"

"చూస్తూ కూర్చునేవాణ్ణి" అన్నాడు. ఎప్పటిలాగే మెల్లగా, ఎప్పటిలాగే మెత్తగా.

వాణ్ణి ఈ చేతులతో పెంచాను. పనిచోట ప్రతి వస్తువునీ తట్టి, ఎత్తి, గోటితో గీకి చూసి దేనితో చేసిందో తెలుసుకున్నాకే అరలో పెట్టేదాన్ని. ఇంట్లో ఉన్న మనిషిని మాత్రం చూపుకి మెత్తగా ఉన్నాడని తెచ్చి దూది పెట్టెలో పెట్టేశాను. వాడికి కోపం ఉందా అని ఒక్కరోజు అడగలేదు. వాడి బదులు కోపం కూడా నేనే పడ్డాను, వాడి గుండీలు పెట్టినట్టు. అడిగి ఉంటే ఇద్దరం కూర్చుని ఆ మహారాజుని నోరారా తిట్టుకునేవాళ్లమేమో. సీసా పై అరలోనే ఉండేదేమో.

"ఇంకా ఉందా, కొట్టాలని?" అన్నాను.

"ఉంది. నీకు?"

"నాకూ ఉంది."

వాడు నవ్వాడు. పడ్డాక మొదటిసారి. పై గుండీ దగ్గర వేళ్లు జారుతున్నాయి. ఒకసారి తప్పింది, మళ్లీ తప్పింది. వాన పెరిగేలా ఉంది, ఆలస్యమవుతోంది.

నేను లేవలేదు.